గ్రాఫులు గీస్తున్నారు, చదవలేకున్నారు

నూజివీడు నుంచి మామిడికాయలతో బయలుదేరిన లారీ హనుమాన్ జంక్షన్ వద్ద అరగంట ఆగి, తిరిగి సాగిందనుకుందాం. దూరం–కాలం గ్రాఫులో ఆ అరగంట అడ్డగీతగా కనిపిస్తుంది. దాన్ని చూపి ‘ఇక్కడ లారీ ఏం చేస్తోంది?’ అని అడిగితే, ‘చదును రోడ్డు మీద పోతోంది’ అనే హైస్కూలు విద్యార్థులున్నారు. పైకి లేచిన గీత వారికి మెరక, దిగిన గీత పల్లం.

ఇది మన పిల్లల తెలివితక్కువతనమని అనుకోరాదు. అమెరికాలో రాబర్ట్ బీచ్‌నర్ 1994లో ప్రకటించిన చలన గ్రాఫుల పరీక్షలో, అక్కడి కళాశాల విద్యార్థులు సైతం ఇలాగే గ్రాఫును దారి బొమ్మగా భావించడం కనిపించింది.

తికమక మరొకటి ఉంది. దూరం–కాలం గ్రాఫులో వడిని చెప్పేది గీత వాలు. రెండు లారీల గీతలు ఖండించుకుంటే ఆ క్షణాన రెండూ ఒకేచోట ఉన్నట్టు. వాటి వడి ఒకటేనని అర్థం కాదు. వడి–కాలం గ్రాఫులోనైతే అడ్డగీతకు అర్థం ఒకే వడితో సాగడం. గంటకు 40 కిలోమీటర్ల వడితో అరగంట నడిస్తే గీత కింది వైశాల్యం 20 కిలోమీటర్ల దూరాన్ని చూపుతుంది.

ఈ విద్య పరీక్షలకే పరిమితం కాదు. రైల్వే కంట్రోల్ కార్యాలయాల్లో ఒకవైపు స్టేషన్లు, మరోవైపు వేళలు వేసి దశాబ్దాల పాటు చేత్తో చార్టులు గీశారు. ఏ బండి ఎక్కడ ఆగిందో, ఏది దేన్ని దాటిందో ఆ గీతలే చెబుతాయి. ఇప్పుడు గీసేది కంప్యూటరైనా, చదవవలసింది మనిషే.

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వెలిసింది. పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులు అందులో చేరుతున్నారు. మార్కులు ఎన్ని వచ్చినా గ్రాఫు చదవడం రానివారు అక్కడ త్వరణం పాఠం దగ్గరే తడబడతారు. లోపం మన బోధనలో ఉంది. అంకెల పట్టిక ఇచ్చి, చుక్కలు పెట్టించి, గీత కలిపిస్తే పాఠం ముగిసిందనుకుంటున్నాం.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. బడి ఆవరణలో పది మీటర్లకొకటి చొప్పున సున్నపు గీతలు వేసి, ఒక్కో గీత వద్ద ఒకరిని గడియారంతో నిలబెట్టాలి. ఒక విద్యార్థి కొంత నడిచి, ఒక గీత వద్ద ఆగి, మళ్లీ పరుగెత్తాలి. ఆ వేళలతో గ్రాఫు గీయించి, ఆ నడక చూడనివారిచేత ఏం జరిగిందో చెప్పించాలి. సూత్రం ఆ తర్వాతే రావాలి.

పరీక్షల్లోనూ ‘గ్రాఫు గీయుము’తోపాటు ‘ఈ గ్రాఫు ఏమి చెబుతున్నదో వ్రాయుము’ అనే ప్రశ్న ఉండాలి. కాయను చూసి పక్వం చెప్పగల మన పిల్లలకు, వాలు చూసి వడి చెప్పడం అసాధ్యమేమీ కాదు. విద్యాశాఖ, ఉపాధ్యాయ మిత్రులు ఈ విషయమై ఆలోచించాలి.