తెలిసిన హక్కే నిలిచే హక్కు

2023 జనవరి 4న కామారెడ్డి పక్కనున్న అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో ఊరి పొలాలను పరిశ్రమల జోన్ కింద చూపించారు. తన భూమి ఏమైపోతుందోనన్న దిగులే ఆయనను మింగిందని ఇంటివాళ్లు, ఊరివాళ్లు చెప్పారు. మరునాడు చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఆడామగా తేడా లేకుండా కలెక్టరేట్‌కు కదిలారు. బారికేడ్ల దగ్గర తోపులాట జరిగింది. 6న బంద్ పాటించారు. రామేశ్వరపల్లి రైతులు హైకోర్టు తలుపు తట్టారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది.

4వ తారీఖున ఉన్న కాగితమే 20న కూడా ఉంది. చట్టం మారలేదు, ప్రభుత్వం మారలేదు. మారిందల్లా జనం. ఒక్కొక్కరు ఇంట్లో కూర్చుని కుమిలిపోయినప్పుడు ఆ కాగితం యమపాశం. అందరూ కూడి చదివి, ఇదేందని నిలదీసినప్పుడు అది రద్దయిపోయే ముసాయిదా. హక్కు అంటే ఏమిటో ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ముసాయిదా అంటే ఖరారు కాదని, అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజుల గడువు ఉందని అధికారులు అన్నారు. అది నిజమే. మరి ఆ ముక్క రైతుకు ముందే ఎవరు చెప్పాలి? గోడకు కాగితం అంటించి చేతులు దులుపుకుంటే నోటీసు ఇచ్చినట్టేనా? ఊరి నడుమ చాటింపు వేసి, సర్వే నంబర్లు చదివి వినిపించి, అభ్యంతరం రాసిచ్చే తీరు చెప్పి ఉంటే ఆ ఇంట్లో దీపం ఆరేది కాదేమో. తెలియని హక్కు లేని హక్కుతో సమానం.

ఈ నేలకు ఈ పాఠం కొత్త కాదు. నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 తెచ్చి, అనుమతి లేనిదే నలుగురు కూడి సభ పెట్టుకోరాదని శాసించింది. ఆ నిర్బంధంలోనే 1930లో జోగిపేటలో, 1937లో నిజామాబాద్‌లో ఆంధ్ర మహాసభలు జరిగాయి. 1974లో పౌరహక్కుల సంఘం పుట్టింది. ఎన్‌కౌంటర్ పేరిట చంపేసిన ప్రతిచోటికీ పోయి, చచ్చిపోయినవాడు ఎవరని కాక, చంపే అధికారం మీకు ఎవరిచ్చారని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంను ఆయన దవాఖానలోనే కాల్చి చంపారు. 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని నరికి చంపారు. కన్నబిరాన్ కోర్టుల్లో, బాలగోపాల్ కోర్టులతో పాటు ఊళ్లల్లో, తండాల్లో బతుకంతా ఈ పనే చేసిపోయారు.

హక్కుల సంఘాలు నేరస్తుల కొమ్ము కాస్తాయని ఒక మాట ఎప్పటి నుంచో ప్రచారంలో ఉంది. ఆ మాట అనేవాళ్లు 2009ను గుర్తు చేసుకోవాలి. ఉస్మానియా హాస్టళ్ల మీద లాఠీలు విరిగినప్పుడు దెబ్బలు తిన్న పిల్లలు ఏ నేరస్తులు? ఊరూరా కేసులు, బైండోవర్లు పెట్టినప్పుడు మనమంతా చట్టం దృష్టిలో ముద్దాయిలమే. ఇవాళ వేరొకరి మీద పడ్డ లాఠీని సమర్థిస్తే, రేపు మన మీద పడేదాన్ని ఆపే నైతిక బలం మనకు ఉండదు.

రాష్ట్రం వస్తే హక్కులు వాటంతటవే వస్తాయనుకున్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఏ ధర్నా చౌక్‌లో కూర్చుని కొట్లాడామో, ఆ ధర్నా చౌక్‌నే 2017లో ఇందిరా పార్కు దగ్గర లేకుండా చేశారు. 2018లో హైకోర్టు కలగజేసుకున్నాకే మళ్లీ అక్కడ సభలకు దారి దొరికింది. పాలకుడు మనవాడైనా, పరాయివాడైనా అధికారం స్వభావం ఒక్కటే. కాపలా కాయాల్సింది జనమే.

ఇక ఎల్లారెడ్డి వైపు చూద్దాం. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాలలో పోడు తగాదాలు ఏళ్ల తరబడి నలుగుతున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్పింది? 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి హక్కు ఉందని చెప్పింది. దరఖాస్తుల విచారణ గ్రామసభతోనే మొదలు కావాలని చెప్పింది. ఆ విచారణ పూర్తయ్యేదాకా సాగుదారును భూమి నుంచి వెళ్లగొట్టరాదని కూడా చెప్పింది. ఈ మూడు ముక్కలు తెలిసిన తండాలో కందకం తవ్వడానికి వచ్చినవాడు కాగితం చూపించాల్సి వస్తుంది. తెలియని తండాలో జేసీబీయే చట్టం అవుతుంది.

అందుకే విద్యార్థులకు ఒక మాట. పరీక్షల కోసం బట్టీ పట్టిన ఆర్టికల్ 21, ఆర్టికల్ 22లను సెలవుల్లో మీ ఊరి రచ్చబండ దగ్గర చెప్పండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వకీలును కలవనివ్వాలి. ఇంటివాళ్లకు కబురు చేయాలని, అరెస్టు మెమో రాయాలని సుప్రీంకోర్టు 1996లోనే డి.కె. బసు కేసులో తేల్చింది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇవి ఊళ్లో పదిమందికి తెలిస్తే స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు కాళ్లు వణకవు.

ఉద్యోగులకు ఇంకో మాట. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసి సర్కారును నిలబెట్టినవాళ్లు మీరు. ఇవాళ నోటీసు అంటించేది, దరఖాస్తు తీసుకునేది, గ్రామసభ మినిట్స్ రాసేది కూడా మీ చేతులే. గ్రామసభ జరగకుండానే జరిగినట్టు సంతకం పెడితే ఒక తండా బతుకు పోతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో నిజం రాసిస్తే ఒక ఊరు నిలబడుతుంది. హక్కుల పరిరక్షణకు వేరే జెండా పట్టుకోనక్కర లేదు. కుర్చీలో కూర్చుని చట్టం చెప్పిన పని చేస్తే చాలు.

ఏటా డిసెంబర్ 10న మానవ హక్కుల దినం వస్తుంది. ఆ ఒక్కరోజు ఉపన్యాసాలతో ఎవరి పొలమూ దక్కదు. ప్రతి ఊళ్లో నోటీసు చదివేవాళ్లు ఇద్దరు, దరఖాస్తు రాసేవాళ్లు ఇద్దరు, స్టేషన్‌కు తోడు పోయేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఆరుగురు చాలు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో జనం కదిలారు, ప్లాన్ ఆగింది. కానీ ఒక ప్రాణం పోయాక ఆగింది. వచ్చేసారి ప్రాణం పోకముందే కదలాలి.