నడిమి పేరు ఎవరిది?

బారసాలనాడు పళ్లెములోని బియ్యముపై ఉంగరముతో వ్రాయు పేరొకటి. బడిలో చేర్చునాడు రిజిస్టరులో వ్రాయించు పేరొకటి. ఈ రెంటి నడుమ మన తెలుగుతనమెంత జారిపోవుచున్నదో దెగ్లూరులోని మనమింకను లెక్కించుకొనలేదు.

హైదరాబాదు సంస్థానములోనుండిన మన యూరు 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రములోనికిని, 1960 మే 1న మహారాష్ట్రములోనికిని వచ్చినది. ఎల్లకావల మద్నూరులోనున్న అన్నకు ఇంటిపేరు ముందు. ఇవతల దెగ్లూరులోనున్న తమ్మునికి ఇంటిపేరు చివర, నడుమ తండ్రి పేరు. దీనిని మేము తప్పనము. ఉన్న యూరి రీతి నెరిగి మెలగుట మర్యాద.

మన పెద్దలు ఆ రీతిని స్వీకరించియు తమ గుర్తును విడువలేదు. నాందేడు, యవత్మాళ, చంద్రపురము ప్రాంతముల తెలుగు కుటుంబముల యింటిపేళ్ల చివర వినబడు ‘వార్’ మన ‘వారు’ గాక మరేమి? 1962లో మహారాష్ట్ర ముఖ్యమంత్రియైన మారోతరావు కన్నంవార్ పేరునను ఆ మాట కలదు. మరాఠీ వరుసలో తెలుగు మాట అట్లు నిలిచినది.

అట్టివారి మనుమలమైన మనమేమి చేయుచున్నాము? గంగవ్వ మనుమరాలికి గంగ యని పేరు పెట్టుటకు సిగ్గుపడుచున్నాము. అర్థము తెలియకున్నను రెండక్షరముల క్రొత్త పేరు చాలునందుము. బడిలో తోటిపిల్లలు నవ్వుదురనునది మన సాకు. వారు నాలుగు దినములు నవ్వి మరతురు. మనము విడిచిన అవ్వ పేరు మాత్రము మరల ఇంట వినబడదు.

ఇంతకంటె పెద్ద తప్పు మరొకటి. పెండ్లియైన ఆడుబిడ్డ పేరు నడుమనుండి తండ్రి తొలగి భర్త చేరును. కొన్ని యిండ్లలో ఆమె సొంత పేరును సైతము మార్తురు. పొరుగువారి మంచిని గాక ఈ యాచారమునే నేర్వవలెనా? 2024 మే 1 నుండి పుట్టిన బిడ్డలకు ప్రభుత్వ పత్రములలో తమ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా నుండవలెనని మహారాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినది. తల్లి కీ చోటిచ్చినది ప్రభుత్వము, మనము కాదు. ఆ చోట వ్రాయవలసినది ఆమె పుట్టింట పెట్టిన పేరా, అత్తింట తగిలించిన పేరా?

స్వీడను దేశమున పూర్వము ఆండర్సు కొడుకు ఆండర్సన్, కూతురు ఆండర్స్‌దొత్తర్. స్థిరమైన కుటుంబనామములను 1901 నాటి శాసనము బలపరచగా, ‘కొడుకు’ అను మాటయే కూతుళ్లకును అంటుకొనినది. ఆలోచింపక స్థిరపరచిన పేరు అట్లే అర్థము చెడును. అయినను ఆ దేశీయులొక మేలు నిలుపుకొనిరి. బిడ్డకు రెండు మూడు పేళ్లు పెట్టి, ఒకదానిని పిలుపునకుంచుకొందురు. తక్కినవానిలో తరచుగా తాతల, అవ్వల పేళ్లు నిలుచును.

మనకును అది అసాధ్యము కాదు. పిలుపునకు నచ్చిన పేరు పెట్టుడు. దానితో అవ్వ పేరునో తాత పేరునో చేర్చుడు. కోడలి పేరు ముట్టకుడు. ఇంటిపేరులోని ‘వార్’ను కత్తిరింపకుడు, అది యెట్లు వచ్చినదో బిడ్డకు తెలుగులో చెప్పుడు. జననమును నమోదు చేయించునపుడు ఈ పేళ్లన్నియు సరిగా వ్రాయించుడు. పిదప దిద్దించుకొనుటకు కచేరీల చుట్టు తిరుగుట కంటె, పళ్లెము ముందు కూర్చున్ననాడే యోచించుట సులభము.