బడిలోని పాఠము పొలములో కూడ చదువవలెను

సాయంత్రము బడి నుండి వచ్చిన పిల్లవాడు అరుగు మీద కూర్చుండి, "నేల పొరలు పొరలుగా ఉండును" అని బిగ్గరగా వల్లె వేయుచుండును. అదే వేళకు తండ్రి పొలము నుండి వచ్చి కాళ్ళకు అంటిన మట్టిని కడుగుకొనుచుండును. ఆ పాఠము ఆ మట్టిని గురించినదే. అయినను ఆ ఇద్దరిలో ఒకరికైనను ఆ సంగతి తోచదు. మన ఇండ్లలో చాలవరకు జరుగుచున్నది ఇదియే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సామాన్యశాస్త్రమును ఒకమారు తిరగవేసి చూడుడు. మట్టి, రాయి, వాన, భూగర్భజలము, వేరు, ఆకు, పురుగు, సూక్ష్మజీవి - వీనిని గురించియే ఎన్నో పాఠములు కలవు. ఇవి అన్నియు సేద్యపు సంగతులే. పిల్లలు వీనిని మార్కుల కొరకు కంఠస్థము చేయుచున్నారు. మనము "బడి చదువు వేరు, సేద్యము వేరు" అని ఊరకున్నాము. ఇందువలన ఇరువురకును నష్టమే అని నా అభిప్రాయము.

మొదట మట్టి పాఠము చూతము. రాళ్ళు ఎండకు, వానకు శిథిలమై మట్టి అగునని పుస్తకము చెప్పును. దక్కను పీఠభూమిలోని నల్లరేగడి చాలవరకు పూర్వము లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాతి నుండి వచ్చినది. తెలంగాణలోని చల్కా నేలలు, రాయలసీమలోని ఎర్రనేలలు ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్ళ నుండి వచ్చినవి. డెల్టా భూములు కృష్ణా గోదావరులు తెచ్చి వేసిన ఒండ్రు. రేగడిలో బంకమన్ను ఎక్కువ గనుక అది నీటిని పట్టి ఉంచును, వేసవిలో నెరియలు విచ్చును. చల్కాలో నీరు త్వరగా ఇంకిపోవును.

మీ పొలములో ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అని తెలిసికొనుటకు ఒక గాజుసీసా చాలును. అందులో మూడవ వంతు మట్టి పోసి, నీరు నింపి, మూత బిగించి బాగుగా కుదిపి కదలకుండ ఉంచుడు. ఇసుక ఒకటి రెండు నిమిషములలో అడుగునకు దిగును. సన్నని ఒండ్రు కొన్ని గంటలలో దిగును. బంకమన్ను తేరుకొనుటకు ఒక దినమో, అంతకు మించియో పట్టును. తరువాత పిల్లవాడే స్కేలుతో పొరలను కొలిచి మీకు చెప్పగలడు.

రెండవది వేరు పాఠము. పప్పుజాతి పైరుల వేళ్ళ మీది బుడిపెలలో రైజోబియము అను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరునకు అందించును. ఈ సంగతిని 1888లో హెల్రీగెల్, విల్ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగములతో వివరించిరి. కంది తరువాత జొన్న బాగుగా వచ్చునని మన పెద్దలు అనుభవముతో ఎరిగినదే. నలువది దినముల వేరుసెనగ మొక్కను పెరుకక, పారతో మట్టితో సహా త్రవ్వి తీసి, నీటిలో కడిగి చూడుడు. బుడిపెను గోటితో చీల్చినచో లోపల గులాబి రంగు కనబడవలెను. అట్లున్న బుడిపె పని చేయుచున్నదని అర్థము. బుడిపెలు లేకున్నను, లోపల తెల్లగా ఉన్నను, వచ్చే పంటకు విత్తనమునకు రైజోబియము పట్టించు విషయము ఆలోచింపవలెను.

నా సంగతియే చెప్పెదను. ఏడవ తరగతిలో ఈ బుడిపెల ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చినవి. ఆ ఏడే మా నాయన వేరుసెనగకు రెండు మారులు యూరియా చల్లెను. నత్రజని ఎక్కువైనచో బుడిపెలు సరిగా పని చేయవు. ఆకు ఏపుగా పెరిగినది కాని కాయ తక్కువైనది. నేను నోరు విప్పి చెప్పలేదు. మా నాయన నన్ను అడుగను లేదు. ఆ పాఠము నా జవాబు పత్రము దాటి రాలేదు.

మూడవది నీటి పాఠము. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. కనుక ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఎకరము మీద సుమారు 4,000 లీటర్ల నీరు పడినట్లు. 25 మిల్లీమీటర్ల వాన లక్ష లీటర్లు. ఈ లెక్క ఎనిమిదవ తరగతి పిల్లకు నిమిషము పని. గ్రానైటు నేలలలో నీరు పైని శిథిలమైన పొరలోను, అడుగున రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. లోతునకు పోయినంత మాత్రమున నీరు పడవలెనను నియమము లేదు. ఇది తెలియక అప్పు చేసి బోరు మీద బోరు వేసి చితికిన కుటుంబములు మన మధ్యనే కలవు. కరవు జిల్లాలలో 2003 మొదలు కొన్ని సంవత్సరములు నడచిన ఒక పథకములో రైతులే, స్త్రీలును పురుషులును, వానను, బావుల నీటి మట్టమును కొలిచి, ఆ లెక్కను బట్టి ఏ పైరు వేయవలెనో ఆలోచించిరి. వారు చేయగలిగినది మన ఊరి బడి పిల్లలకు అసాధ్యము కాదు.

"మట్టిలో మేము పడిన పాట్లు చాలును, మా పిల్లలైనను ఉద్యోగము చేసికొని సుఖపడవలెను" అని మీరు అనవచ్చును. ఆ కోరిక తప్పు కాదు. బడి మాన్పించి పనికి పెట్టుడని నేను చెప్పుట లేదు. అది ఎంతమాత్రము కూడదు. పుస్తకములోని సంగతిని కంటితో చూచిన పిల్లకు చదువు మరింత బాగుగా పట్టుబడును. ఆ పిల్ల రేపు ఏ ఉద్యోగమునకు పోయినను నేల విలువ తెలిసియే పోవును.

కనుక నేను కోరునది ఇది. ఉపాధ్యాయులు నెలకు ఒక పూట పిల్లలను పొలమునకు తీసికొని పోవలెను. రబీ కోతలు ముగిసిన పిదప, వేసవి సెలవులకు ముందే గ్రామాధికారులు బడి పిల్లల ఎదుట మట్టి నమూనాలు తీయవలెను. ఎకరములో 8, 10 చోట్ల, గట్లను, చెట్ల నీడను, పెంట కుప్పలు వేసిన తావులను విడిచి, ‘వి’ ఆకారముగా 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు మట్టిని పైనుండి క్రింది వరకు గీకి తీయవలెను. అంతయు కలిపి నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసివేయుచు, అర కిలో మిగులు వరకు అట్లే చేయవలెను. సంచి మీద రైతు పేరు, సర్వే నంబరు పిల్లలే వ్రాయుదురు గాక.

2015లో మొదలైన భూసార కార్డులు అనేక ఇండ్లలో పెట్టె అడుగున పడియున్నవి. వాటిలోని 12 అంశములలో చాల పదములు మీ పిల్లల పుస్తకములలో ఉన్నవే. ఈ రాత్రియే కార్డును బయటికి తీసి మీ కొడుకు చేతికో, కూతురు చేతికో ఇచ్చి చదివించుడు. తెలియని పదమున్నచో ఉపాధ్యాయుని, గ్రామాధికారిని అడుగుమని పంపుడు. ఆ తరువాతనే ఎరువుల కొట్టుకు బయలుదేరుడు.