బొటనవేలు పైకెత్తకండి!

హీరో నీళ్ళలోకి దూకాడు. విలన్ మనుషులు గట్టుమీద నిలబడి చూస్తున్నారు. ఒక నిమిషం... రెండు నిమిషాలు... బుడగ కూడా రాలేదు. 'చచ్చాడ్రా!' అని వాళ్ళు వెనక్కి తిరిగారో లేదో, అవతలి ఒడ్డున మనవాడు తల పైకెత్తాడు! క్రాపు కూడా చెదరలేదు. హాల్లో ఈలలే ఈలలు!

ఆ ఈలల్లో నాదీ ఒకటుంది లెండి. నేల టిక్కెట్టు రోజుల నుంచీ వేస్తూనే ఉన్నాను. కానీ మొన్నామధ్య అండమాన్ వెళ్ళొచ్చాక, ఆ సీనుకి ఈల వేసేముందు కాస్త ఆలోచించాల్సి వస్తోంది. ఎందుకంటారా? సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగేవాడికి నేర్పే మొట్టమొదటి పాఠం ఏమిటో తెలుసా? 'ఊపిరి బిగబట్టకు!'

నమ్మరా? అయితే కథ మొదటి రీలు నుంచీ చెప్పాల్సిందే.

* * *

మా మేనల్లుడికి 19 ఏళ్ళు. డిగ్రీ పరీక్షలు రాసేసి వచ్చి, "మామయ్యా, అండమాన్ పోదాం. స్కూబా డైవింగ్ చేద్దాం" అని కూర్చున్నాడు.

"ఎందుకురా?" అన్నాను.

"ఒక్క రీలు తీసి పెట్టాలి మామయ్యా!"

మా రోజుల్లో రీలంటే వెయ్యడుగుల ఫిల్ము. పదకొండు నిమిషాల సినిమా. వీడి రీలు ముప్పై సెకన్లు! దానికోసం బంగాళాఖాతం దాటాలట. సరే, వాడి సరదా ఎందుకు కాదనాలని బయల్దేరాను. (నా సరదా కూడా ఉందనుకోండి. అది మీకూ నాకూ మధ్యే ఉండనివ్వండి.)

అండమాన్ మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. 1979 లోనే అక్కినేని, వాణిశ్రీ జంటగా 'అండమాన్ అమ్మాయి' వచ్చింది. 1996 లో ప్రియదర్శన్ తీసిన 'కాలాపాని' చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉంటారు, అడగండి. విశాఖ రేవు నుంచి అక్కడికి ఓడ ఉంది. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 లో శ్రీ విజయపురంగా మారింది గానీ, అక్కడి జంగ్లీఘాట్ వైపు వెళితే సిక్కోలు యాస చెవిన పడటం మాత్రం మారలేదు. మన పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం ఉండేవి గుర్తుందా? ఆ దృశ్యం ఈ ఊరి పక్కదే! నార్త్ బే అంటారు.

అక్కణ్ణించి ఫెర్రీ ఎక్కి హావ్‌లాక్ దీవికి చేరాం. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. స్కూబా అంటే అందరూ పరిగెత్తేది అక్కడికే.

* * *

డైవింగ్ వాళ్ళు ముందు ఒక కాగితం ఇచ్చారు. బోలెడన్ని ప్రశ్నలు. గుండెజబ్బు ఉందా? చెవిపోటు ఉందా? మూర్ఛ ఉందా? ఉబ్బసం ఉందా?

మావాడు చకచకా అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టేశాడు.

నేను చూశాను. వాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పోయిన చలికాలం కూడా ఒక రాత్రంతా కూర్చునే గడిపాడు. వాడి ఇన్‌హేలరు మా అక్కయ్య నా సంచీలోనే పెట్టింది, "వాడు తెచ్చుకోడురా, నువ్వుంచు" అని. అంతా తెలిసీ నోరు మెదపలేదు నేను. వేల రూపాయలు పోసి వచ్చాం, కుర్రాడి సరదా పాడుచెయ్యడమెందుకు, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ 'ఏమవుతుందిలే' ఉంది చూశారూ, దానంత పెద్ద విలన్ ఏ సినిమాలోనూ లేడు!

నడుము లోతు నీళ్ళలో అరగంట శిక్షణ. నోట్లో రబ్బరు ముక్క పెట్టుకుని నోటితోనే గాలి పీల్చాలి. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని మెల్లిగా ముక్కులోంచే ఊదాలి. కళ్ళద్దాల్లోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపాలి. నీళ్ళలో మాటల్లేవు కాబట్టి అన్నీ సైగలే. మొదటిసారి తల ముంచగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూడోసారికి కాస్త కుదుటపడ్డాను.

ఇంకో సంగతి. 'అయ్యో, ఆక్సిజన్ అయిపోయింది!' అని సినిమాల్లో అరుస్తారే, ఆ సిలిండర్లో మామూలుగా ఉండేది ఉత్త ఆక్సిజన్ కాదు. మనం పీల్చే గాలే, కుక్కి కుక్కి నింపుతారు.

* * *

పడవెక్కాం. నడిపేవాడు తెలుగువాడే. వాళ్ళ తాత సిక్కోలు నుంచి వచ్చాడట. మావాడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం చూసి, "ఏటి బాబూ, బయమేస్తందా?" అన్నాడు.

"నాకేం భయం?" అన్నాడు మావాడు, హీరో లెవెల్లో.

అతను నవ్వాడు. "బయముందని సెప్పినోడితో పేచీ నేదు బాబూ. నేదన్నోడితోటే మాకు బెంగ" అన్నాడు, చుక్కాని తిప్పుతూ.

అంతే. పంచ్ డైలాగు కొట్టాలని అన్నమాట కాదది. ఆ మాట అనేసి తన పని తను చూసుకున్నాడు. రెండు నిమిషాలు గడిచాయి. మావాడు నా చెవి దగ్గరికొచ్చి, "మామయ్యా... అమ్మ ఇన్‌హేలర్ ఇచ్చిందా?" అన్నాడు.

నా సంచీ తెరిచి చూపించాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

వాడే లేచి వెళ్ళి మా శిక్షకురాలికి చెప్పాడు. పాతికేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. తిట్టలేదు. లెక్చరు ఇవ్వలేదు. "ఇవాళ నీకు సిలిండర్ లేదు. డాక్టరు పరీక్ష చేసి, దిగొచ్చని రాసిచ్చాక రా" అని హిందీలో మెత్తగా చెప్పింది. మావాడి మొహం వాడిపోయింది. అప్పుడు ఆ అమ్మాయి ఎందుకో వివరించింది. మీరూ వినండి.

పైన మనమీద ఉండేది గాలి బరువొక్కటే. పది మీటర్లు దిగితే నీటి బరువు కూడా కలిసి ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ లోతులో ఒక బుడగ ఊది మూతికట్టి పైకి తెచ్చారనుకోండి, వచ్చేసరికి రెండింతలు అవుతుంది. మన ఊపిరితిత్తులూ అంతే! అడుగున సిలిండర్ గాలి నిండా పీల్చి, సినిమా హీరోలా బిగబట్టి పైకొస్తే, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. అందుకే పీలుస్తూ వదులుతూ మెల్లిగా రావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి గాలిగొట్టాలు బిగుసుకుంటే, వదులుదామన్నా గాలి లోపలే చిక్కుకుపోవచ్చు. ఒక్క టిక్కు వెనక ఇంత కథ ఉందన్నమాట!

"మరి 'అవతార్' రెండో భాగంలో కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాల పైచిలుకు ఊపిరి బిగబట్టిందిగా?" అంటారు మీరు. నాకు తెలుసు, మా పాఠకులు సామాన్యులు కారు! నిజమే. 2022 లో వచ్చిన ఆ సినిమాకోసం ఆవిడ అలా సాధన చేసింది. బుడగలొస్తే కెమెరాల పనికి అడ్డమని నటుల చేత ఊపిరి బిగబట్టించారు. కానీ వాళ్ళు గాలి పీల్చింది నీటిపైన. ఆ గాలి లోతుకి వెళితే కుంచించుకుపోయి, పైకొస్తే మళ్ళీ మొదటంతే అవుతుంది, అంతకు మించి ఉబ్బదు. పైగా పక్కన శిక్షకులు, నెలల తరబడి తర్ఫీదు. మన ఊరి చెరువులో ఒంటరిగా ప్రయత్నించడానికి కాదు సుమండీ! ఊపిరి బిగబట్టి నీళ్ళలోనే స్పృహ తప్పినవాళ్ళున్నారు.

* * *

మావాణ్ణి పడవలో వదిలి నేను దిగాను. వాడు చెయ్యి ఊపాడు గానీ, నా మనసు మనసులో లేదు.

కానీ ఆ లోకం ఎలాంటిదనుకున్నారు! ఏడెనిమిది మీటర్ల లోతు. కింద పగడాల తోట. వేళ్ళలా ఊగే గుబుర్ల మధ్య నారింజరంగు చిన్న చేపలు దోబూచులాడుతున్నాయి. చిలకముక్కు చేప ఒకటి పగడాన్ని పటపటా కొరుకుతుంటే ఆ చప్పుడు నాకు వినిపించింది! నా ఎర్ర చొక్కా మాత్రం గోధుమరంగుకి తిరిగింది. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపేనట. నీళ్ళలో షూటింగంటే కెమెరామన్లు లైట్లు మోసుకెళ్ళేది ఇందుకే. 1965 లో 'థండర్‌బాల్' జేమ్స్ బాండ్ బహామాస్ సముద్రంలో చేసిన పోరాటం తీసినవాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టాను.

అప్పుడే ఆ అమ్మాయి నావైపు తిరిగి 'ఎలా ఉంది?' అన్నట్టు సైగ చేసింది. నాకు ఉత్సాహం పట్టలేదు. 'సూపర్!' అని బొటనవేలు పైకెత్తాను.

ఆమె తలూపి, నా రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చేసింది!

"ఏమైంది? ఎందుకు పైకొస్తానన్నారు?" అంది కంగారుగా. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే చెప్పింది కూడా. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని! బాగుందనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. పడవలో మావాడు పడీపడీ నవ్వాడు. పొద్దుటినుంచీ వాడి మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. పోనీలే, నా పరువు ఒక మంచిపనికి ఖర్చయింది!

* * *

సాయంత్రం రాధానగర్ బీచికి వెళ్ళాం. 2004 లో 'టైమ్' పత్రిక ఆసియాలోకెల్లా గొప్ప బీచి అన్నది దీన్నే. ఇక్కడ ఒక స్టార్ ఉండేవాడు. పేరు రాజన్. ఏనుగు! అడవిలో దుంగలు లాగడానికి తెచ్చి, దీవి నుంచి దీవికి ఈదడం నేర్పారట. 2002 లో కోర్టు తీర్పుతో కలప పని ఆగిపోయాక సముద్రంలో ఈదుతూ అందరికీ ప్రియమయ్యాడు. తర్సేమ్ సింగ్ తీసిన 'ది ఫాల్' (2006) లో నీళ్ళలో ఈదే ఏనుగు ఇతనే. 2016 లో పోయాడు. డూపు లేకుండా నటించిన హీరో అంటే అతను!

ఇసుకలో మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉంది. ఎవరో దానికి ఆనుకుని ఫొటో దిగుతున్నారు. అది ఆర్ట్ డైరెక్టరు పెట్టింది కాదు బాబూ! 2010 లో ఈ దీవిలోనే ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది.

రాత్రి మావాడు, "కయాక్ ఎక్కుదాం మామయ్యా" అన్నాడు. చిన్న తెడ్ల పడవ. ఈసారి డబ్బు కట్టకముందే గైడుతో తనే అన్నాడు: "నాకు ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ ఇదిగో." అతను ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, లైఫ్ జాకెట్టు తొడిగి, ఇన్‌హేలర్ని నీళ్ళు చొరని సంచీలో పెట్టి వాడి మెడకే తగిలించాడు.

అమావాస్య దగ్గరి రోజులు. మడ అడవి పక్కన చిమ్మచీకటి. మావాడు తెడ్డు వేశాడు. నీళ్ళలో నీలంగా వెలుగు! చెయ్యి ముంచితే వేళ్ళ చుట్టూ నిప్పురవ్వలు. కంటికి ఆననంత చిన్న జీవులట, నీళ్ళు కదిలితే వెలుగుతాయట. ఏ ట్రిక్ ఫొటోగ్రఫీ కాదు, గ్రాఫిక్సు కాదు! నేను తెడ్డు వెయ్యలేక ఆయాసపడుతుంటే, "నువ్వు ఊరికే కూర్చో మామయ్యా" అని పడవంతా వాడే నడిపాడు.

మర్నాడు ఇంకోసారి దిగుదామా అనిపించింది గానీ విమానం తెల్లవారే ఉంది. ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగి మరీ విమానం ఎక్కాలి. అందుకని బుద్ధిగా కొబ్బరిబొండాలు తాగాం.

* * *

వెళ్ళే ఉద్దేశం ఉంటే నాలుగు మాటలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, వానాకాలం సముద్రం పొగరుగా ఉంటుంది. జలుబు ఉంటే సిలిండర్ జోలికి పోకండి, చెవులు ఊరుకోవు. మొదటిసారి దిగేవాళ్ళని 12 మీటర్లు దాటించకూడదని నియమం. 'ఇంకా లోతుకి తీసుకెళ్తా' అనేవాడికి దూరం నుంచే దణ్ణం పెట్టండి. పగడాన్ని తాకొద్దు, తేవొద్దు, అది చట్టరీత్యా నేరం. 'ది బీచ్' (2000) సినిమాతో పేరొచ్చిన థాయ్‌లాండ్ మాయా బే, జనం తాకిడికి పగడాలు పాడై 2018 లో మూతపడి 2022 లో గానీ తెరుచుకోలేదు. మన దీవులకి ఆ గతి పట్టనివ్వకండి.

ఆఖరుది. ఆ కాగితంలో నిజం రాయండి.

మావాడి రీలు ఏమైందంటారా? ఆ నీలి వెలుగుని వాడి ఫోను పట్టుకోలేకపోయింది. ముప్పై సెకన్లూ చీకటే. అందులో వినిపించేదల్లా తెడ్డు చప్పుడు, నా ఆయాసం, వాడి నవ్వు. అదే పెట్టాడు.

మీలో ఎవరైనా ఏ సముద్రంలోనైనా, ఏ కొండమీదైనా హీరోలు కాబోయి ఆగిపోయారా? అయితే రాయండి. సిగ్గుపడకండి, నా బొటనవేలు కథ చదివారుగా!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అందాకా సున్నా చుట్టి సెలవు!