పని అప్పజెప్పినం సరే, లెక్క కూడా అప్పజెప్పినమా?

జర పొడుగు పోస్టు, ఓపికగా చదవండి. చదివినంక కోపం వస్తే రానీయండి.

నలుగురు బత్తాయి రైతులు కలిస్తే ఒకటే ముచ్చట. మార్కెట్ కొత్తపేటలోనే ఉంటే మంచిగుండె అని ఒకరు, కోహెడల పెద్ద మార్కెట్ ఎప్పుడు కడతరో అని ఇంకొకరు. నేనూ ఇన్నేండ్లు అదే మాట్లాడిన. ఇప్పుడు చెప్తున్న, మనం పెట్టుకున్న పంచాయితీయే తప్పు.

యాది చేసుకోండి. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ పోయే తొవ్వల, కొత్తపేట కాడ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి నడిచింది. ఇరవై రెండు ఎకరాల జాగ. 2020 ఎండాకాలం కరోనా టైంల మామిడిని కోహెడకు మార్చిన్రు. అక్కడ గాలివానకు షెడ్డు కూలి మనుషులకు దెబ్బలు తగిలినయి. 2021ల కొత్తపేట మార్కెట్ మూసి, విజయవాడ రోడ్డు మీది బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు పంపిన్రు. హైకోర్టు దాక పోయింది లొల్లి. 2022 మార్చిల పాత షెడ్లు కూలగొట్టిన్రు, ఏప్రిల్‌ల అదే జాగల టిమ్స్ ఆస్పత్రికి పునాదిరాయి వేసిన్రు.

సరే, మార్కెట్ జరిగింది. మన నల్గొండ దిక్కు నుంచి పోయేటోళ్లకు బాటసింగారం దగ్గరే అయితది. అవుటర్ రింగు రోడ్డు కంటే ముందే వస్తది, ఎల్బీనగర్ ట్రాఫిక్‌ల లారీ నిలబడే బాధ లేదు. దూరం తగ్గితే నష్టం తగ్గాలె కదా? మీ పట్టీలు తీసి చూసుకోండి. నా పట్టీల అయితే తగ్గలే.

పోయిన కాతల ఒక డీసీఎం బత్తాయి పంపిన. ఊరి కాంటా మీద 4,120 కిలోలు. మార్కెట్‌ల తూకం 3,870. రెండు వందల యాభై కిలోలు ఎక్కడ పోయినయి? ఒక్క రాత్రిల కాయ ఆరితే అంత తగ్గుతదా? డ్రైవర్‌ని అడిగితే "నేను తోలేటోణ్ని, నాకేం ఎరుక" అన్నడు. హమాలీలను అడిగితే "మేం దింపేటోళ్లం" అన్నరు. కమీషన్ దుకాణంల అడిగితే "మా కాంటా మీద ఎంత వస్తే అంతే" అన్నరు. ఆ తర్వాత తరుగు వేరే కోసిన్రు. కిలో పద్దెనిమిది లెక్కన కాంటాల తేడానే 4,500 రూపాయలు. ముగ్గురికీ పైసలు ఇచ్చింది నేనే. జవాబు చెప్పేటోడు ఒక్కడు లేడు.

ఇగ మా అక్క కొడుకు సంగతి వినండి. ఎల్బీనగర్ దిక్కు ఒక కంపెనీ గోదాంల పని చేస్తడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలు ఫోన్‌ల నొక్కితే అర కిలో బత్తాయి ఇంటికి పోతది కదా, ఆ పని. వాణ్ని అడిగిన, "మీ కంపెనీకి లారీలు ఎన్ని ఉన్నయిరా?" అని. "ఒక్కటి లేదు మామా, బండ్లన్నీ కాంట్రాక్టే. డెలివరీ పిల్లలు, వాచ్‌మెన్, అందరూ బయటోళ్లే" అన్నడు. "మరి సరుకు పోతే?" అంటే నవ్విండు. "ఎట్ల పోతది? డబ్బా చెయ్యి మారిన ప్రతిసారి స్కాన్ కొడతం. ఎవరి చేతుల ఉన్నప్పుడు తగ్గిందో వాళ్ల బిల్లుల కోత."

కంపెనీ పనంతా బయటికి అప్పజెప్పింది. లెక్క మాత్రం తన చేతుల పెట్టుకున్నది. మనం? తోలుడు, మోసుడు, తూకం, అమ్ముడు అన్నీ బయటోళ్లకే ఇచ్చినం, వాటితోటి లెక్క కూడా ఇచ్చేసినం. అర కిలోకు కాగితం ఉన్నది, నాలుగు టన్నులకు లేదు!

హమాలీ అన్నలను తిడుతున్నననుకోకండి. కొత్తపేట మూసినప్పుడు వాళ్ల పొట్ట మీద కూడా దెబ్బ పడ్డది. కంపెనీల కోతలు డెలివరీ పిల్లల మీద పడే తీరు నేను మెచ్చుకోను. నేనడిగేది కోతలు కాదు, కాగితం. కాగితం ఉంటే తప్పు చెయ్యనోడి మీద నింద కూడా పడదు.

"లారీ వాడు రాసియ్యడు, గట్టిగ అడిగితే బండే రాదు" అంటరు మీరు. చట్టం ఉన్నది. రోడ్డు రవాణా మీద 2007ల చేసింది, 2011 నుంచి అమలుల ఉన్నది. అందరికీ కిరాయికి సరుకు మోసే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు సరుకుకు రసీదు ఇయ్యాలె. సరుకు పోయినా, పాడైనా, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే దావాకు దారి ఉంటది. మనలో ఎంతమంది ఏనాడన్నా రసీదు అడిగినం? నేను ముప్పై ఏండ్లల ఒక్కసారి అడగలే. తప్పు నాది కూడా.

ఒక్కడు అడిగితే బండి రాకపోవచ్చు, నిజమే. కాత మీద ఇరవై మంది లోడు ఒక్క చేతుల ఉంటే ఎందుకు రాదు? పది మంది రైతులు కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చని 2002 నుంచి చట్టంల ఉన్నది. చాలా ఊర్లల బోర్డులు కూడా కట్టినం. ఆ కంపెనీ ఏం చేస్తున్నది? ఎరువులు, విత్తనాలు అమ్ముతున్నది. అది దుకాణం పని. అసలు పని, మన అందరి తరఫున లారీతోటి, మార్కెట్‌తోటి ఒప్పందం రాసుకునుడు.

ఈ కాతకు నాలుగు పనులు చేద్దాం. ఒకటి, ఊరి కాంటా చీటీ లేకుండ బండి కదలొద్దు. రెండు, ఆ చీటీ మీద డ్రైవర్ సంతకం, బండి నంబరు ఉండాలె. మూడు, మార్కెట్‌ల దించేటప్పుడు మనోడు ఒకడు కాంటా కాడ నిలబడాలె, వంతులేసుకుందాం. నాలుగు, చిన్నకాయ, పెద్దకాయ, మచ్చకాయ కలిపి పోసుడు బంద్ చేద్దాం. అట్ల పోసి మనమే తరుగుకు సాకు ఇస్తున్నం.

మార్కెట్ రేపు కోహెడకే పోతదో, ఇంకెక్కడికి పోతదో. ఎక్కడికి పోయినా మన సరుకు నాలుగు చేతులు మారే పోతది. ఆ చేతుల లెక్క మన కాడ లేకపోతే, మార్కెట్ మన పొలం గట్టు మీద పెట్టినా ఇదే కథ.

మీ ఊరి కాంటాకు, మార్కెట్ కాంటాకు తేడా ఎంత వచ్చిందో పట్టీ చూసి కింద రాయండి. ముందు మన లెక్క మనం ఒక్క కాడ పెట్టుకుందాం.