పలక అంచును ఫొటో చూసి కోయరాదు

బెజవాడలో వడ్రంగం చేసే నా పూర్వశిష్యుడొకడు పోయిన నెల ఒక కాగితాల చుట్ట చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అలలపై స్వారీ చేసే పలకను, అదే సర్ఫ్‌బోర్డును, స్వయంగా తయారు చేయబూనాడట. "మాస్టారూ, ఇందులో రెయిల్ అన్నదాన్ని తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. వానితో చేరిన కుర్రవాళ్లు కాగితం మీద "పట్టా" అని రాసిపెట్టారు. సముద్రం మీదికి రైలుబండిని నడిపిస్తారు కాబోలు!

పలక పైభాగమూ అడుగుభాగమూ పక్కన కలుసుకొనే చోటు అది. దానికి అంచు అన్న మాట ఉండనే ఉంది. ఆ అంచు గుడ్డు పక్కలా నున్నగా తిరిగి ఉంటే గుండ్రంచు అనవచ్చు. అడుగున కోసినట్టు పదునుగా ఉంటే వాదర అనవచ్చు. చీరకు అంచు, కత్తికి వాదర. ఇంత చక్కని భేదాన్ని పారేసి పట్టా అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నందుకే ఆ కుర్రవాళ్లు అసలు పనిలోనూ పొరబడ్డారని నా అభియోగం.

వారు గీసిన బొమ్మలో అంచు మొదటినుండి చివరిదాకా పలుచన, మొదటినుండి చివరిదాకా వాదర. ఎందుకయ్యా అంటే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గెలిచినవాళ్ల పలకలు అలాగే కనిపించాయి అన్నారట. ఆ పోటీ జరిగింది పారిస్‌లో కాదు, పసిఫిక్ మహాసముద్రంలోని తహితి ద్వీపంలో, తెహుపోఓ అనే చోట. అక్కడ అగాధమైన నీటినుండి పగడపు దిబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అల గొట్టంలా చుట్టుకొని విరిగిపడుతుంది. మన మంగినపూడి దగ్గర ఏమున్నది? కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు, నల్లమన్ను, చాలా దూరం లోతులేని నీరు. ఇటువంటి వాలులో అల దూరానే విరిగి, నురగలు కక్కుతూ నీరసంగా ఒడ్డుకు వస్తుంది. ఆ అలకు చేసిన పలక ఈ అలకు ఎట్లా పనికివస్తుంది? పైగా ఆ విజేతల పలకలకు సైతం ముందుభాగంలో అంచు మెత్తగానే ఉంటుంది, వాదర తోకవైపే ఉంటుంది. ఫొటోలో నీడగీత చూసి అంతా పదునే అనుకున్నారు మనవాళ్లు.

కారణం తెలుసుకోవడానికి తహితి దాకా పోనక్కరలేదు. చెంబును మెల్లగా వంచి నీళ్లు పోసి చూడండి. మూతి గుండ్రంగా తిరిగి ఉంటే నీరు చెంబును అంటిపెట్టుకొని పొట్టమీదుగా జారి కారుతుంది. మూతి పదునుగా ఉంటే తెగి దూరంగా పడుతుంది. అంచు పని సరిగ్గా ఇదే. గుండ్రని అంచును నీరు చుట్టి పట్టుకొంటుంది. పలక అలలో కుదురుగా నిలుస్తుంది, కాస్త నెమ్మదిస్తుంది. వాదర నీటిని తెంచి వదిలేస్తుంది, వేగం వస్తుంది. ఆ వాదర ముందువైపు కూడా ఉంటే తిరిగేటప్పుడు నీటిలో దిగబడి మనిషిని విసిరేస్తుంది. పలుచని అంచులో తేలే శక్తీ తక్కువే. నీరసపు అలమీద డెబ్బై కిలోల మనిషిని మోయవలసిన పలకకు పక్కల నిండుదనం కావాలి. కనుక ముందు, నడుమ నిండైన గుండ్రంచు. తోక దగ్గర మాత్రం వాదర. నా పక్షం ఇది.

ఇది కొత్తగా పుట్టిన జ్ఞానమూ కాదు. కాలువలో, ఏటిలో నడిచే పంటును చూడండి: అడుగు చదును, పక్కలు నిటారు. దానికి అలలతో పోరు లేదు. సముద్రపు తెప్పను చూడండి: దుంగలను తాళ్లతో కట్టారే గాని వెలుపలి దుంగ గుండ్రదనాన్ని చెక్కి పదును చేయలేదు. మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ దుంగల పక్కలు చేత్తో తడిమి చూసినవాణ్ణి. హవాయివారి పాత పలకలకు అడుగున రెక్క ఉండేది కాదు. 1935లో టామ్ బ్లేక్ అది తగిలించేదాకా పట్టులో పెద్ద భారం అంచుదే. 1960ల చివర పలకలు పొట్టివయ్యాకనే అంచు మొన అడుగుకు దిగింది.

చేసే పద్ధతిలోనూ మన వడ్రంగికి తెలియని విద్య లేదు. చదరపు కర్రను గుండ్రం చేయాలంటే ముందు ఎనిమిది పలకలు, ఆపై పదహారు, తరువాత గరుకు కాగితం. అంచునూ అలాగే వాలు వాలుగా చిత్రికపట్టి, గీతలన్నీ కలిసేదాకా రుద్దుతారు. ఫైబర్ గుడ్డ పదునైన మూల మీద వంగదు, లోపల గాలి నిలుస్తుంది. అందుచేత వాదర కావలసిన చోట కూడా ముందు కొంచెం గుండ్రం చేసి, గుడ్డ చుట్టి, ఆ తరువాత రెసిన్‌తో పదును కట్టి అరగదీయాలి. మరొక హెచ్చరిక: ఫైబర్ పడవలకు వాడే పాలిస్టర్ రెసిన్‌ను థర్మోకోల్ మీద పోస్తే అది కరిగిపోతుంది. దానికి ఎపాక్సీయే పోయాలి. ఈ సంగతి చెప్పగానే మా వాడి ముఖం మారిపోయింది. అప్పటికే డబ్బా కొన్నాడట!

తెలుగు పండితునికి ఈ తగవు దేనికని అడిగేవారుంటారు. నిజమే, నేను అలమీద నిలబడినవాణ్ణి కాను, ఈత కూడా అంతంతే. కాని ఈ బొమ్మ ప్రకారం పలక చేసి, నీటిలో పదిసార్లు పడి, "మన సముద్రం దేనికీ పనికిరాదు మాస్టారూ" అని వచ్చే కుర్రవాణ్ణి తలచుకొంటేనే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు కాగితానిది, నింద సముద్రానికి. 1977 నవంబరు 19న దివిసీమలో ఆ సముద్రం ఏమి చేసిందో చూసిన తరం మాది. దానికి చేతకాదని అనడానికి నోరు రాదు.

శిష్యుడు కాగితాలు చుట్టుకొంటూ, తోక దగ్గర వాదర ఎంత మేర ఉంచాలని అడిగాడు. అడుగు మేర చాలునన్నాను. కుర్రవాళ్లు మూడడుగులు కావాలని పట్టుపడుతున్నారట. ముందు అడుగు మేర కట్టి, సూర్యలంకకు తీసుకుపోయి చూడమన్నాను. చాలకపోతే రెసిన్‌తో మరికాస్త కట్టుకోవచ్చు గాని, చెక్కేసిన అంచును వెనక్కి తేలేరు గదా.