చాక్లెట్ ముందు పెట్టి పిల్లవాణ్ణి పరీక్షిస్తున్నారా?

సైకాలజీ ప్రొఫెసరు అనగానే మనలో చాలామందికి పిచ్చి కుదిర్చే డాక్టరు గుర్తొస్తాడు. ఆయన సైకియాట్రిస్టు, చదివింది వైద్యం. యూనివర్సిటీలో సైకాలజీ పాఠాలు చెప్పేవాళ్ళ సంగతి వేరు. ఒకరు జ్ఞాపకశక్తి మీద పనిచేస్తారు, ఇంకొకరు నిద్ర మీద, మరొకరు ఫ్యాక్టరీ కార్మికుల మీద. మూడు నాలుగేళ్ళ పిల్లల పేచీల మీదే ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళూ ఉన్నారు. మనం రోజూ వంటింటి గుమ్మంలో పడే అవస్థే వాళ్ళకి పరిశోధన అన్నమాట! పైగా దానికి జీతం కూడా.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలో బింగ్ నర్సరీ స్కూలని ఒకటుంది. 1966లో మొదలైంది. దాన్ని నడిపేది సైకాలజీ శాఖే. పిల్లలకది ఆటల బడి, ప్రొఫెసర్లకు ప్రయోగశాల, అక్కడ చదివే విద్యార్థులకు పాఠం నేర్చుకునే చోటు. ఇప్పుడు మన ఫోన్లలో తిరిగే వీడియోలకు మూలం అక్కడే ఉంది. చూసే ఉంటారు, పిల్లవాడి ముందు చాక్లెట్ పెట్టి, “నేనొచ్చేదాకా తినకపోతే ఇంకోటిస్తా” అని తల్లి పక్కకు వెళ్తుంది. వాడు తినేస్తే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. నవ్వి ఊరుకుంటే ఫరవాలేదు. “వీడికి నిలకడ లేదు, పెద్దయ్యాక ఏం బాగుపడతాడు?” అని తీర్పులిచ్చేవాళ్ళతోనే చిక్కు.

అసలు సంగతి చెబుతాను. 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ అనే ప్రొఫెసరు ఆ బడి పిల్లలతో ఈ ఆట మొదలుపెట్టారు. బిస్కెట్టో, మార్ష్‌మాలోనో పిల్లవాడి ఇష్టం. (మార్ష్‌మాలో అంటే దూదిపింజలా ఉండే తెల్లని మిఠాయి. జెలటిన్ వేస్తారు కనుక మనలో శాకాహారులకు పనికిరాదు.) దాన్నీ, ఒక గంటనీ బల్ల మీద పెట్టి, “నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండిస్తాను. ఆగలేకపోతే గంట కొట్టు, వచ్చేస్తాను. కానీ ఒకటే” అని చెప్పి వెళ్ళిపోయేవారు. పావుగంట గడువు.

ఎవరు బుద్ధిమంతులో, ఎవరు కాదో తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. ఆగగలిగిన పిల్లలు ఎలా ఆగుతున్నారన్నదే ఆయనకు కావాల్సింది. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు అటు తిరిగి కూర్చున్నారు, కొందరు పాటలు పాడుకున్నారు. మిఠాయి మీద మూత పెడితే చాలాసేపు ఆగారు. “అది మిఠాయి కాదు, మబ్బు తునక అనుకో” అని చెప్పినా ఆగారు. “ఎంత తియ్యగా, మెత్తగా ఉంటుందో” అని ఊరిస్తే మాత్రం ఇట్టే గంట కొట్టేశారు. చూశారా, లడ్డూల డబ్బా పై అరలో పెట్టే మన అమ్మమ్మలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

మిషెల్ గారి ముగ్గురమ్మాయిలూ ఆ బడిలోనే చదివారు. వాళ్ళు పెరిగాక, భోజనాల దగ్గర పాత స్నేహితుల కబుర్లు అడుగుతుంటే, అప్పుడు ఎక్కువసేపు ఆగిన పిల్లలే చదువుల్లో బాగున్నట్టు ఆయనకు తోచింది. లెక్కలు తీసి 1990లో ప్రచురించారు. దాంతో ఊరూరా పాకిపోయింది. ఆ పిల్లలు చాలావరకు యూనివర్సిటీ వాళ్ళ పిల్లలే, పైగా ఆ లెక్కలకు అందినవాళ్ళు కొద్దిమందే అన్నమాట ఎవరికీ పట్టలేదు.

2018లో టైలర్ వాట్స్ అనే పరిశోధకుడు, మరిద్దరు కలిసి 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ చూశారు. చదువుకూ ఆగడానికీ సంబంధం ఉన్నట్టే ఉంది గానీ, పాత లెక్కలో సగమే. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు వంటివి కలిపి చూసేసరికి అందులోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. చదువులో కనిపించిన తేడా చాలావరకు ఆ పావుగంట ఓపిక వల్ల వచ్చింది కాదన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ అనే ఆమె, సహచరులు చేసిన ప్రయోగం. ఇల్లు లేని కుటుంబాల ఆశ్రయంలో సేవ చేస్తున్నప్పుడు ఆమెకీ ఆలోచన వచ్చిందట. ఇవాళ చేతిలో ఉన్నది రేపు ఉంటుందో ఉండదో తెలియని పిల్లవాడు ఎందుకు ఆగుతాడు? 28 మంది పిల్లల్ని తీసుకుని, ముందుగా బొమ్మలు వేయడానికి కూర్చోబెట్టారు. “ఆగు, ఇంతకంటే మంచి రంగులు తెస్తాను” అని, సగంమందికి తెచ్చిచ్చారు. మిగతా సగంమందికి, “అయ్యో, లేవమ్మా, వీటితోనే వేసుకో” అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ ఇంతే. ఆ తర్వాతే మార్ష్‌మాలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు! మొదటి పద్నాలుగుమందిలో తొమ్మిదిమంది పావుగంటా ఆగితే, రెండో పద్నాలుగుమందిలో ఆగింది ఒక్కరే.

“సాయంత్రం తెస్తానురా” అని వీధిలోకి వెళ్ళి, రాత్రి ఉత్త చేతులతో వచ్చే నాన్నలకి ఈ అంకెలు చదివి వినిపించండి. మనమేం తక్కువ తిన్నామా? “ఇంజెక్షన్ ఏం ఉండదు, ఊరికే వెళ్ళొద్దాం” అని పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేది మనమేగా. ఇవ్వగలమో లేదో తెలియనప్పుడు “చూస్తాను, మాటివ్వను” అనేస్తే వాడు కాసేపు ఏడుస్తాడు, అంతే.

అలవాటు సంగతి కూడా ఉంది. 2022లో ప్రచురించిన ఒక పరిశోధనలో జపాన్ పిల్లలు తిండి కోసం చాలాసేపు ఆగారు, కాగితం చుట్టిన బహుమతి కోసం మాత్రం ఆగలేకపోయారు. అమెరికా పిల్లలు సరిగ్గా తలకిందులు. అక్కడ క్రిస్మస్ బహుమతులు ముందే విప్పకూడదు కదా! జపాన్‌లోనేమో అందరికీ వడ్డించేదాకా ముట్టుకోరు. ఇంట్లో చాక్లెట్ దగ్గర ఆగలేని మీ బుడుగే వినాయక చవితినాడు నైవేద్యం అయ్యేదాకా ఉండ్రాళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు, గమనించండి.

ఇంతకీ ఓపిక గురించి అంత పనిచేసిన మిషెల్ గారు రోజుకు మూడు ప్యాకెట్ల సిగరెట్లు కాల్చేవారట, పైపు అదనం. ఒక ఆసుపత్రిలో ఊపిరితిత్తుల కేన్సర్ రోగిని చూసి భయపడి మానేశారు. మానడానికి ఆయనకు తోడొచ్చింది ఎవరనుకున్నారు? బొటనవేలు చీకే ఆయన మూడేళ్ళ కూతురే. నువ్వు వేలు మానెయ్యి, నేను పైపు మానేస్తానని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.